చేతిలో వయొలిన్, కాళ్ళలో బ్యాలే: రెండూ కలిపి సొంత కొరియోగ్రఫీ కట్టుకోవడం ఎలా

వాయించడం వచ్చి, కాస్తో కూస్తో బ్యాలే కూడా నేర్చుకున్నవాళ్ళు ఈ రెండూ కలిపి చేద్దామనుకోగానే మొదట చేసే పని ఒకటే. బాగా వచ్చిన పాట ఒకటి తీసుకుంటారు, బాగా వచ్చిన అడుగులు నాలుగు దాని మీద పేర్చేస్తారు, ఇక రెండూ ఒకేసారి మొదలుపెట్టేస్తారు. నేనూ అదే చేశాను. మూడో బార్‌లో, అంటే తాళం కొలతతో విడదీసిన మూడో ముక్కలో, అడుగు తప్పింది, దాన్ని సర్దుకునేలోపు స్వరం తప్పింది, ఐదో బార్‌కి వయొలిన్ తల వెళ్ళి బీరువా తలుపుకి ఠప్పున తగిలి, తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జ్ ఊడి కింద పడింది. ప్రాక్టీసు చాలలేదేమోనని ఇంకో రెండు వారాలు అలాగే తిప్పలు పడ్డాను కానీ అసలు సంగతి అది కాదు. ఒకదాని గురించి ఒకటి తెలియని రెండు పనుల్ని ఒకే ఒంటికి కట్టి తోలుతున్నాను, అంతే.

కాబట్టి నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. పాట వింటూ అడుగులు వెతక్కండి. వాయించేటప్పుడు మీ ఒళ్ళు ఎటు ఊగుతోంది, చేయి ఎప్పుడు తెరుచుకుంటోంది, ఊపిరి ఎక్కడ పీలుస్తున్నారు, ఇవి గమనించి అక్కణ్ణుంచే అడుగు తీయండి. నాది వయొలిన్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా దానివే. మిగతా వాయిద్యాల సంగతి కూడా మధ్యలో చెప్తాను.

ఇదేదో ఈమధ్య వీడియోల కోసం పుట్టిన పిచ్చి అనుకునేరు. 17, 18 శతాబ్దాల్లో యూరప్ డ్యాన్స్ మాస్టర్ల దగ్గర పోషెట్ అని ఒక బుల్లి వయొలిన్ ఉండేది, కోటు జేబులో పట్టేంత సన్నది. దాన్ని వాయిస్తూ అక్కడికక్కడే అడుగులు నేర్పేవాళ్ళు. 1870లో 'కొప్పేలియా' బ్యాలేకి కొరియోగ్రఫీ చేసిన ఆర్తుర్ సాన్-లియోన్ వయొలిన్‌లో కూడా చేయి తిరిగినవాడే. 1849లో పారిస్ ఒపెరాలో దెయ్యపు వయొలిన్ కథతో ఒక బ్యాలే చేసి, అందులో తనే నాట్యం చేశాడు, తనే వయొలిన్ వాయించాడు. పేరుమోసిన బ్యాలే కొరియోగ్రాఫర్ జార్జ్ బాలన్‌షీన్ కూడా కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, పియానో చదువుకున్నవాడే. అంటే సంగీతం చేతిలో ఉన్నవాళ్ళు అడుగులు కట్టడం పాత సంగతే. మనకి వచ్చిన తిప్పలల్లా రెండూ ఒకే నిమిషంలో చేయాలనుకోవడం.

ముందు చూసుకోవాల్సినవి

పాట ఎంత వచ్చుండాలి? నోట్స్ చూడకుండా వాయించగలిగితే సరిపోదు. ఒక చిన్న పరీక్ష ఉంది: మీరు వాయిస్తుండగా ఎవరినైనా మీ ఫోన్ నంబరు అడగమనండి. పాట ఆగకుండా పది అంకెలూ చెప్పగలిగితే ఆ పాట మీ వేళ్ళలోకి దిగినట్టు. ఏడో అంకె దగ్గర పాట తడబడిందంటే ఇంకా బుర్రలోనే ఉందన్నమాట, ఆ బుర్రని మనం కాళ్ళకి ఇవ్వాలి, కాబట్టి ఇంకో వారం ఆగండి. చాలామంది ఈ ఒక్క దగ్గరే తొందరపడి, తర్వాత నెలంతా చేతులకీ కాళ్ళకీ పంచాయితీ చేస్తూ కూర్చుంటారు.

బ్యాలే వైపు చూస్తే, పెద్ద పెద్ద విన్యాసాలు అక్కర్లేదు. పాదాల ఐదు పొజిషన్లు, మోకాళ్ళు వంచే ప్లియే, పాదాన్ని నేల మీద జార్చి చాచే టాండ్యూ, మునివేళ్ళ మీదకి లేచే రెలవే, వాల్ట్‌జ్‌లో అటూ ఇటూ ఊగే బాలాన్సే, మూడు చిన్న అడుగుల పా ద బురే. ఇవి శుభ్రంగా వస్తే ఒకటిన్నర నిమిషం డ్యాన్స్‌కి సరిపోతాయి, మిగతావి బోనస్. కాకపోతే ఈ ఆరూ ఎవరైనా టీచర్ కళ్ళ ముందు నేర్చుకున్నవై ఉండాలి. పాదాలు పక్కలకి తిరగాల్సింది తుంటి కీలు దగ్గర్నుంచి, మోకాలు దగ్గర మెలిపెడితే ఏడాది తిరక్కుండా మోకాలే మాట్లాడుతుంది. కాలి వేళ్ళ కొసల మీద నిలబడే గట్టి పాయింట్ షూస్ జోలికి ఇక్కడ అసలు వెళ్ళకండి. చేతులు రెండూ వాయిద్యానికి ఇచ్చేశాక బ్యాలెన్స్ తప్పితే ఆపుకోవడానికి ఏమీ మిగలదు. మెత్తటి బ్యాలే చెప్పులు చాలు.

నేల జారకూడదు, మరీ పట్టేయకూడదు కూడా. తమాషా ఏమిటంటే డ్యాన్సర్లు చెప్పులకి రుద్దుకునేదీ, మనం కమానుకి రాసుకునేదీ ఒకటే, రోజిన్ అనే గట్టి జిగురు. అలాగని కమాను రోజిన్ నలగ్గొట్టి గది నేలంతా చల్లకండి. ఒకచోట పట్టి ఒకచోట జారి అది అసలుకే మోసం.

ఇంకొకటి, జాగా. వయొలిన్ పట్టుకుని, కమాను చివరిదాకా లాగి, అక్కడక్కడే ఒక చుట్టు నెమ్మదిగా తిరగండి. వయొలిన్ తల ఎడమవైపు ఎంత దూరం వెళ్తోందో, కమాను పట్టుకున్న చేయి కుడివైపు ఎక్కడిదాకా వస్తోందో చూసుకుని, దానికి ఇంకో అడుగున్నర కలిపి నేల మీద టేపు అంటించండి. ఆ గీత లోపలికి కుర్చీ కూడా రాకూడదు. నా బీరువా కథ విన్నారుగా. మంచి వయొలిన్ ఉంటే దాన్ని పెట్టెలోనే ఉంచి, పాతదో చవకదో ఒకటి ప్రాక్టీసుకి పెట్టుకోండి. షోల్డర్ రెస్ట్ బిగువుగా ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి.

పాట ఎంత, ఏ తాళం

మొదటిసారికి వాల్ట్‌జ్ తీసుకోమంటాను. మూడు బీట్ల లయలో ఒళ్ళు తనంతట తనే ఊగుతుంది, పైగా బాలాన్సే పుట్టిందే దాని కోసం అన్నట్టు ఉంటుంది. 32 బార్లు చాలు. నిమిషానికి 90 బీట్ల టెంపోలో ఒక బార్‌కి రెండు సెకన్లు, అంటే మొత్తం 64 సెకన్లు. వాయించేవాళ్ళకి ఇది చాలా చిన్నది అనిపిస్తుంది. రెండూ కలిపి ఒకసారి చేసి చూడండి, ఆయాసంతో కూలబడ్డాక ఎంత పెద్దదో తెలుస్తుంది.

లెక్క దగ్గర ఒక గొడవ ఉంది, దాన్ని ముందే తేల్చుకోవాలి. వాయించేవాళ్ళు ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు అని బార్ లెక్కన లెక్కపెడతారు. డ్యాన్సర్లు ఎనిమిదుల్లో లెక్కపెడతారు, వాల్ట్‌జ్ అయితే చాలాసార్లు బార్‌కి ఒక్క కౌంటే. మీ బుర్రలో ఈ రెండు లెక్కలూ ఒకేసారి నడిస్తే ఏదో ఒకటి మునుగుతుంది. నా సలహా, బార్‌కి ఒక కౌంట్ అనుకుని ఎనిమిది బార్లని ఒక వాక్యంలా పట్టుకోండి. 32 బార్లంటే నాలుగు వాక్యాలు. ఒక్కో వాక్యానికి ఒక్కో ఆలోచన, అంతకంటే ఎక్కువ పెట్టకండి.

పాటలో ఏ చోట చేతికి కష్టం, ఏ చోట తేలిక అన్నది ఈ దశలోనే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. వేళ్ళు పరిగెత్తే బార్లకి ఒక గుర్తు, నిదానంగా సాగే పొడుగు స్వరాలకి ఒక గుర్తు, ఆగే చోట్లకి ఇంకొకటి. వేళ్ళు పరిగెత్తే చోట కాళ్ళు ఆగాలి, స్వరం సాగే చోట కాళ్ళు కదలాలి. ఎక్కువమంది సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తారు. స్వరాలు ఎక్కువగా ఉన్న చోట అడుగులు కూడా ఎక్కువ వేయాలనిపిస్తుంది, వింటుంటే అలాగే అనిపిస్తుంది కూడా. రికార్డు పెట్టుకుని ఆడేవాళ్ళకి అది బాగుంటుంది, మనకి కుదరదు. మనం అలా చేస్తే చూసేవాళ్ళకి ఎక్కడ చూడాలో కూడా తెలియదు. పొడుగు స్వరం మోగుతుండగా కాలు నెమ్మదిగా లేస్తుంటే ఆ స్వరమే కాలిని ఎత్తుతున్నట్టు కనిపిస్తుంది.

పాట మీ సొంతదైనా, లేదా మార్చుకునే వీలున్నదైనా మీకు ఇంకో వెసులుబాటు ఉంది. 1890 నాటి 'స్లీపింగ్ బ్యూటీ' బ్యాలేకి కొరియోగ్రాఫర్ పెటిపా ఎక్కడ ఎన్ని బార్లు కావాలో, ఏ లయలో కావాలో ముందే రాసి సంగీతం కట్టే చైకోవ్‌స్కీకి ఇచ్చాడు. మీ విషయంలో ఆ ఇద్దరూ మీరే. ఒక తిరుగుడుకి రెండు బార్లు చాలకపోతే నాలుగు చేయండి, అడుగు కుదరని చోట స్వరాలు తగ్గించేయండి, ఎవరూ అడగరు.

కమాను చేతిలోనే సగం డ్యాన్స్ ఉంది

బ్యాలేలో చేతుల కదలికకి పోర్ ద బ్రా అని పేరు. వాయిద్యం పట్టుకోగానే అది పోయిందని అందరూ దిగులుపడతారు. నిజానికి పోలేదు, వేరే రూపంలో అక్కడే ఉంది. అద్దం ముందు నిలబడి ఒక్క తీగ మీద కమాను మొదలు నుంచి చివరదాకా నాలుగు సెకన్లలో లాగండి. కుడి చేయి ఛాతీ ముందు నుంచి పక్కకి ఎలా తెరుచుకుంటోందో చూడండి. అది బ్యాలేలో చేతుల మొదటి పొజిషన్ నుంచి రెండో పొజిషన్‌కి చేయి తెరిచినట్టే ఉంటుంది. పైకి తోసినప్పుడు మళ్ళీ దగ్గరికి వస్తుంది.

ఇక్కణ్ణుంచి చాలా తేలిగ్గా కొన్ని సూత్రాలు దొరుకుతాయి. కమాను కిందికి లాగినప్పుడు చేయి కుడికి వెళ్తుంది కాబట్టి ఒంటి బరువు కుడికి పోవడం సహజం, అడుగు కుడికి వేయండి. పైకి తోసినప్పుడు ఎడమకి. దీన్ని తిరగేసి చేసి చూడండి, కమాను కిందికి, అడుగు ఎడమకి. ఒళ్ళు రెండు పక్కలకి చీలినట్టుంటుంది, స్వరం కూడా సన్నగా వణుకుతుంది. కథలో పెనుగులాట చూపించాలంటే అదీ పనికొస్తుందనుకోండి, కానీ మొదటి డ్యాన్స్‌లో వద్దు.

అరబెస్క్ సంగతి ఇంకా బాగుంటుంది. మొదటి అరబెస్క్‌లో ఏ కాలి మీద నిలబడతామో ఆ వైపు చేయి ముందుకి, రెండో కాలు వెనక్కి లేస్తుంది, రెండో చేయి పక్కకి తెరుచుకుంటుంది. వయొలిన్ పట్టుకున్నవాళ్ళ ఎడమ చేయి ఎప్పుడూ ముందుకే ఉంటుంది కదా. ఎడమ కాలి మీద నిలబడి, కుడి కాలు వెనక్కి లేపుతూ కమాను చివరిదాకా లాగండి, కుడి చేయి పక్కకి తెరుచుకుని ఆగుతుంది. అంతే, అరబెస్క్ దానంతటదే వచ్చేసింది. వయొలిన్ తల కిందికి వాలకుండా చూసుకోండి, వాలిందా ఛాతీ కూడా దాంతోపాటే వాలుతుంది. కాలు 45 డిగ్రీలు లేస్తే చాలు, అంతకంటే ఎత్తితే నడుము ముందుకి ఒరిగి కమాను తీగ మీద నుంచి జారడం మొదలవుతుంది.

ఎనిమిది బార్లు, దగ్గర్నుంచి

నేను మొదటిసారి నిజంగా పనిచేసేలా కట్టుకున్న వాక్యం ఇది. పాట ఏదైనా, స్వరాల పొడుగు ఇలా ఉంటే మీరూ వాడుకోవచ్చు.

ఒకటో బార్: ఒకే స్వరం, మూడు బీట్ల పొడుగు, కమాను కిందికి. కుడికి బాలాన్సే. అంటే కుడి కాలు పక్కకి వేసి మోకాలు మెత్తగా వంచుతాం, ఎడమ కాలు దాని వెనక్కి తెచ్చి మునివేళ్ళ మీద కాస్త లేస్తాం, మళ్ళీ కుడి కాలి మీదకి దిగుతాం. కింద, పైన, కింద. రెండో బార్: అలాంటి స్వరమే, కమాను పైకి, బాలాన్సే ఎడమకి.

మూడు, నాలుగు బార్లు: సగం బీట్ల స్వరాలు, బార్‌కి ఆరు, మొత్తం పన్నెండు. వేళ్ళు పరిగెత్తే చోటు ఇదే కాబట్టి పాదాలు మూడో పొజిషన్‌లో దగ్గరగా పెట్టి ఒక బార్ అంతా ప్లియేలోకి దిగుతాం, ఇంకో బార్ అంతా నెమ్మదిగా రెలవేకి లేస్తాం. బయటికి చూస్తే ఏమీ చేయనట్టుంటుంది, కానీ అన్ని స్వరాలు వాయిస్తూ ఒళ్ళు ఒకే వేగంతో లేవడం చూడ్డానికి చాలా బాగుంటుంది.

ఐదు, ఆరు: రెండు బార్లు కలిపి ఒకే స్వరం, కమాను కిందికి, నాలుగు సెకన్లు. ఎడమ కాలు ముందుకి వేసి, కుడి కాలు వెనక నేల మీద జార్చి, పైకి. ఆరో బార్ చివరికి కమాను చివరా కాలి చివరా ఒకేసారి ఆగాలి. ఇది కుదిరిన రోజు మీకే తెలుస్తుంది.

ఏడో బార్: మూడు స్వరాలు, బీట్‌కి ఒకటి, పా ద బురే. గాల్లో ఉన్న కుడి కాలు ఎడమ కాలి వెనక దిగుతుంది, ఎడమ కాలు పక్కకి, కుడి కాలు ముందుకి వచ్చి ఐదో పొజిషన్‌లో మూసుకుంటుంది. స్వరానికో అడుగు. ఎనిమిదో బార్: మొదటి బీట్‌కి కుడి చూపుడు వేలితో ఖాళీ తీగని ఒక్కసారి మీటి, మిగతా రెండు బీట్లు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో రెండు పాదాల మునివేళ్ళ మీద లేచి ఎడమకి అర చుట్టు తిరగడం.

ఇప్పుడు మీ వీపు జనం వైపు ఉంది. తొమ్మిదో బార్ నుంచి అదే వాక్యం మళ్ళీ, వీపు చూపిస్తూ. వెనక నుంచి చూస్తే కమాను చేయి తెరుచుకోవడం, భుజపు ఎముక కదలడం ముందు నుంచి కంటే బాగా కనిపిస్తాయి, మొహం కనబడదు కాబట్టి జనం ఒంటినే చూస్తారు. 16వ బార్ చివర ఇంకో అర చుట్టుతో మళ్ళీ ముందుకి వచ్చేస్తారు. ఒక్క వాక్యంతో సగం పాట అయిపోయింది, కొత్త అడుగు ఒక్కటీ నేర్చుకోకుండా. కమాను దిశలు కూడా సరిగ్గా సర్దుకున్నాయి చూడండి, ఎనిమిది బార్లు తిరిగొచ్చేసరికి మళ్ళీ కిందికి లాగడంతోనే మొదలు. మీ పాటలో అలా కుదరకపోతే ఒకచోట రెండు స్వరాలు ఒకే కమానులో కలిపేయండి.

తిరగడం, ఎగరడం

ఒంటికాలి మీద గిర్రున తిరిగే పిరూయెట్‌లో కళ్ళు ఒకచోట నిలిపి, తలని చివరి క్షణంలో గిర్రున తిప్పుతారు, తల తిరగకుండా ఉండేది దానివల్లే. వయొలిన్ గడ్డం కింద ఉంటే అది కుదరదు. మెడా వయొలినూ ఒకటే ముక్క అయిపోతాయి, తల ఆపితే వయొలిన్ ఆగుతుంది, వయొలిన్ ఆగితే భుజం ఆగుతుంది. నేను మొదట్లో దీన్ని పట్టుదలతో సాధించేద్దామనుకున్నాను. మెడ పట్టేసి మూడు రోజులు పక్కకి చూడలేకపోయాను, అంతే సాధించింది. కాబట్టి వాయిస్తూ తిరగాలంటే అర చుట్లు, లేదా నడుస్తూ గుండ్రంగా తిరిగే అడుగులు వాడండి. పూర్తి పిరూయెట్ కావాల్సిందే అనుకుంటే అక్కడ పాటలో ఒక బార్ ఖాళీ పెట్టి, వయొలిన్ గడ్డం కింద నుంచి తీసి ఛాతీకి దగ్గరగా పట్టుకుని తిరగండి. అర చుట్టు వాయిస్తూనే తిరిగేటప్పుడు మాత్రం కమాను మధ్యభాగం తీగ మీద ఉండేలా చూసుకోండి. చివర ఉంటే చేయి బారుగా చాచి ఉంటుంది, అదే మిమ్మల్ని పక్కకి లాగేస్తుంది.

ఎగరడం సంగతికొస్తే, ముందు కిందికి తోసి లేచేటప్పుడు కమాను తీగ మీద బరువుగా పడుతుంది, పైన తేలిపోతుంది, దిగేటప్పుడు మళ్ళీ కొడుతుంది. పొడుగు స్వరం మీద ఎగిరితే ఆ స్వరం మూడు ముక్కలవుతుంది. దీనికి రెండు దారులు. ఒకటి, ఎగిరే చోట కమాను ఎత్తేసి తీగలు మీటండి, మీటే శబ్దం ఎలాగూ చిన్న ముక్కే కాబట్టి ఏమీ తేడా తెలియదు. వరసగా నాలుగు చిన్న గెంతులకి నాలుగు మీటులు, దిగిన ప్రతిసారీ ఒకటి. రెండోది, స్వరాన్ని నేల మీదే ముగించి, నిశ్శబ్దంలో ఎగిరి, దిగాక తర్వాతి స్వరం మొదలుపెట్టడం. దిగడం ఎప్పుడూ ముందు మునివేళ్ళు, తర్వాత మడమ, మోకాలు పాదం వేళ్ళ మీదుగా వంగుతూ. చేతులు ఖాళీ లేవు కాబట్టి ఇది రెట్టింపు జాగ్రత్తగా.

వయొలిన్ కాకపోతే

ఫ్లూట్ కుడివైపుకి పోతుంది, అందుకని పైన చెప్పిన కుడి ఎడమలు చాలావరకు తిరగబడతాయి. ఫ్లూట్‌కి అసలు కొలత ఊపిరి. పాటలో ఎక్కడ ఊపిరి పీలుస్తారో అక్కడే రెలవే పెట్టండి, పీల్చేటప్పుడు ఒళ్ళు ఎలాగూ పైకి లేస్తుంది. ఎగరడం పూర్తిగా మానేయండి, దిగేటప్పుడు పొట్టలోంచి గాలి తన్నుకొచ్చి స్వరం కీచుమంటుంది, పెదవి మీద నుంచి జరిగితే పళ్ళకి తగిలే ప్రమాదం కూడా ఉంది. గిటార్, యుకులేలే అయితే పట్టీ పొట్టిగా బిగించి వాయిద్యాన్ని ఛాతీ దగ్గరికి తెచ్చుకోండి, లేకపోతే కాలు ముందుకి ఎత్తగానే తొడ తగులుతుంది. అకార్డియన్ బరువంతా ముందుకి లాగుతుంది, దానితో నేల మీద అడుగులే, ఒంటికాలి బ్యాలెన్సులు వద్దు. టాంబరిన్ అన్నిటికంటే తేలిక, ఒక చేయి పూర్తిగా ఖాళీ, మోగించినప్పుడల్లా అది కూడా ఒక భంగిమే. పియానో వాళ్ళు మాత్రం బెంచీ చుట్టూ కట్టుకోవాలి, నాలుగు బార్లు ఆడి వచ్చి కూర్చోవడం, వాయించి లేవడం.

రాసుకోవడం, తర్వాత కలపడం

బ్యాలేని కాగితం మీద పెట్టడానికి పద్ధతులు ఉన్నాయి. 1950ల్లో బెనేష్ దంపతులు తయారుచేసిన దాంట్లో అయితే సంగీతంలో వాడే ఐదు గీతల మీదే ఒంటి కదలికలు రాస్తారు. మనకి అంత అక్కర్లేదు. పాట నోట్స్ కింద రెండు ఖాళీ వరసలు గీసుకోండి, పై వరసలో కమాను దిశ, కింది వరసలో అడుగు పేరు. చేయి కష్టం, కాలు కష్టం ఒకే బార్‌లో ఎదురుబొదురు పడితే కాగితం మీదే కనిపిస్తుంది, అక్కడే కొట్టేయొచ్చు.

కలపడానికి నా వరస ఇది, ఒక్క మెట్టు కూడా దాటేయకండి. మొదట వాయిద్యం పక్కన పెట్టి, పాటని నోటితో ల ల ల అని పాడుతూ అడుగులు వేయండి. ఫ్లూట్ వాళ్ళకైతే ఇదే అసలు పరీక్ష. పాడుతూ ఆడలేనిది వాయిస్తూ అస్సలు ఆడలేరు. తర్వాత వాయిద్యం పట్టుకుని, వాయించకుండా, కమాను తీగకి ఒక అంగుళం పైన గాల్లో కదుపుతూ ఆడండి. బరువు ఎక్కడ లాగుతోందో ఇక్కడ తెలుస్తుంది. మూడోసారి ఖాళీ తీగల మీద లయ మాత్రమే, ఎడమ వేళ్ళు ఏమీ నొక్కకుండా. ఎడమ చేతికి పని లేదు కాబట్టి కమాను, కాళ్ళు ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఈ మెట్టు మీద నేను నాలుగైదు రోజులు ఉంటాను, విసుగ్గానే ఉంటుంది, ఇంట్లో వాళ్ళకి ఇంకా విసుగు. ఆ తర్వాతే పూర్తి పాట, నిమిషానికి 60 బీట్ల దగ్గర మొదలుపెట్టి నాలుగేసి బీట్లు పెంచుకుంటూ.

ఇక్కడ వాయించేవాళ్ళకి తెలియని చిక్కు ఒకటుంది. వాయిద్యంలో ఏదైనా రాకపోతే నెమ్మదిగా చేస్తాం, వచ్చేస్తుంది. డ్యాన్స్‌లో నెమ్మదిగా చేయడం కొన్నిసార్లు ఇంకా కష్టం. అరబెస్క్‌ని నాలుగు సెకన్ల బదులు ఆరు సెకన్లు నిలపాలంటే కాలు వణుకుతుంది, అందుకని నెమ్మది టెంపోలో కాలు ఎత్తకుండా వేలికొన నేలకి ఆనించి ఉంచండి. గెంతులైతే అసలు నెమ్మదించవు. 30 సెంటీమీటర్లు ఎగిరితే గాల్లో ఉండేది దాదాపు అర సెకను, టిక్ టిక్‌మని లయ చూపే మెట్రోనోమ్ ఎంత తగ్గించినా అంతే. కాబట్టి టెంపో పెరిగేదాకా గెంతు దగ్గర మడమలు ఎత్తి దింపి సరిపెట్టుకోండి.

రోజుకి ఇరవై నిమిషాల కంటే ఎక్కువ కలిపి చేయకండి. గడ్డం కింద బిగపట్టి, పైగా తల నిటారుగా పెట్టాలని చూస్తాం కాబట్టి మెడ తొందరగా అలిసిపోతుంది. మిగతా టైమ్‌లో రెండూ విడివిడిగా చేసుకోండి.

వారానికోసారి వీడియో తీయండి, ఫోన్ నడుము ఎత్తులో పెట్టి, పాదాలు ఫ్రేములో ఉండేలా. దాన్ని రెండుసార్లు చూడాలి. మొదట సౌండ్ ఆపేసి, వాయిద్యం సంగతి మర్చిపోయి ఒట్టి డ్యాన్స్‌లా. రెండోసారి ఫోన్ బోర్లా పెట్టి, వినడం మాత్రమే. ఎక్కడ స్వరం వణికిందో ఆ బార్ నంబరు రాసుకోండి, మీ కాగితం తీసి అక్కడ ఏ అడుగు ఉందో చూడండి. నూటికి తొంభై సార్లు ఆ అడుగే దోషి. దాన్ని బాగు చేద్దామని కూర్చోకండి, తీసేసి తేలికైనది పెట్టండి. నాకు 21వ బార్‌లో ఒక షాసే మీద బాగా మనసు ఉండేది, ఆ జారే అడుగు మెరుపులా ఉండేది కూడా, నెలరోజులు వదల్లేదు, చివరికి తీసేసి అక్కడ ఊరికే నాలుగడుగులు నడిచాను. పాట మొత్తం అప్పుడు తెరిపిన పడింది.

ముక్తాయింపు దగ్గర ఒక్క జాగ్రత్త. ఆఖరి స్వరానికి మునివేళ్ళ మీద ఉంటే, కమాను తీగ వదిలాక కూడా మోత కాసేపు గాల్లో ఉంటుంది, అది పూర్తిగా ఆగేదాకా మడమలు దించకండి. తర్వాత వయొలిన్ కిందికి దించి, కమానుని కూడా ఎడమ చేతిలోకే మార్చేసుకోండి. కుడి చేయి ఖాళీ అవుతుంది, ఇంతసేపటి నుంచి దానికి దొరకని అసలు సిసలు పోర్ ద బ్రా ఒకటి చేస్తూ, కుడి కాలు వెనక్కి జార్చి, మోకాలు వంచి నమస్కారం పెట్టడానికి.